ఓడినవాడి చేతిలో కొత్త ఆట

అరసవల్లి రథసప్తమికి వెలిసే బొమ్మల దుకాణాల్లో చేతిలో ఇమిడే చౌక వీడియో గేమ్‌ ఒకటి తీసి చూడండి. ఎడమ బొటనవేలు ఆనేచోట కూడిక గుర్తులాంటి బటన్‌ ఉంటుంది. నింటెండో ఇంజినీరు గుంపెయ్‌ యొకొయ్‌ 1982లో డాంకీ కాంగ్‌ చేతి ఆట కోసం తయారుచేసిన బటన్‌ అది. దానికి నింటెండో పేటెంటు ఉన్న రోజుల్లో సెగా గుండ్రటి బిళ్ల మీద అదే గుర్తును ఉబ్బెత్తుగా పెట్టింది. సోనీ నాలుగు విడి బటన్లుగా చూపించింది. వేలికి తెలిసే తేడా తక్కువే.

వీడియో గేమ్‌ కన్సోల్‌ కంపెనీలు ఒకరిని చూసి ఒకరు కాపీ కొడతారా అంటే, నిస్సందేహంగా కొడతారు. ఈ వ్యాపారం పుట్టిందే అలా. 1972లో అటారీ ‘పాంగ్‌’ తేవడానికి ముందే మాగ్నవాక్స్‌ కంపెనీ కన్సోల్‌ ఒడిస్సీలో టేబుల్‌ టెన్నిస్‌ ఆట ఉంది. అటారీ స్థాపకుల్లో ఒకడైన నోలన్‌ బుష్నెల్‌ దాని ప్రదర్శన చూసి వచ్చినవాడే. మాగ్నవాక్స్‌ దావా వేస్తే 1976లో రాజీ కుదిరింది, అటారీ లైసెన్సు సొమ్ము కట్టుకుంది. అయినా జనానికి గుర్తున్నది పాంగే. బ్యాటులో ఏ భాగానికి తగిలిందన్నదాన్ని బట్టి బంతి కోణం మారేలా చేశాడు అటారీ ఇంజినీరు ఆలన్‌ ఆల్కార్న్‌. అరువు తెచ్చుకున్న ఆటకు ప్రాణం పోసింది ఆ చిన్న మార్పే.

కాబట్టి కాపీ కొట్టారా లేదా అన్నది పెద్ద ప్రశ్న కాదు. కొత్తది ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అన్నది చూడాలి. నింటెండో చరిత్ర చూస్తే సంగతి తెలుస్తుంది. దాని కన్సోల్‌ గేమ్‌క్యూబ్‌ రెండు కోట్ల పైచిలుకు అమ్ముడై ఆగిపోతే, సోనీ ప్లేస్టేషన్‌ 2 పదిహేను కోట్లు దాటింది. తెర మీది బొమ్మల నాణ్యతలో సోనీతో తలపడి లాభం లేదని నింటెండో 2006లో రిమోట్‌ ఊపి ఆడే ‘వీ’ని తెచ్చింది. అది పది కోట్లు దాటింది. అప్పుడు సోనీ ‘మూవ్‌’తో, మైక్రోసాఫ్ట్‌ ‘కినెక్ట్‌’తో 2010లో వెంటపడ్డాయి. కినెక్ట్‌లో చేతిలో ఏదీ పట్టుకోనక్కర్లేదన్నది నిజంగా కొత్తే, కాదనను. కానీ కొన్నేళ్లకే మైక్రోసాఫ్టే దాన్ని పక్కన పెట్టింది. విజయం తలకెక్కిన నింటెండో ‘వీ యూ’తో బోర్లాపడింది, కోటిన్నర కూడా అమ్మలేకపోయింది. ఆ దెబ్బ తర్వాతే 2017లో టీవీకీ చేతికీ సరిపోయే స్విచ్‌ వచ్చింది.

ఓడినవాడికి పోగొట్టుకునేది తక్కువ, అందుకే తెగిస్తాడు. తెగించిన ప్రతివాడూ బతుకుతాడని మాత్రం కాదు. ఇంటర్నెట్‌ మోడెమ్‌ను లోపలే అమర్చి డ్రీమ్‌కాస్ట్‌ అమ్మిన సెగా 2001లో కన్సోళ్ల తయారీకే స్వస్తి చెప్పింది.

మన దగ్గరికి వచ్చినవి వేరే రకం కాపీలు. తొంభైలలో శ్రీకాకుళం, విజయనగరం ఇళ్లలో టీవీకి తగిలించి మారియో, కాంట్రా ఆడిన పెట్టెల్లో చాలావరకు నింటెండో 1983 నాటి ఫామికామ్‌కు నకళ్లు. క్యాసెట్‌ మీద ‘9999 ఇన్‌ 1’ అని ఉండేది. లోపల మళ్లీ మళ్లీ అవే నాలుగు ఆటలు. ఆ నకలు పెట్టెల నుంచి కొత్త ఆలోచన ఒక్కటీ పుట్టలేదు. పుట్టాల్సిన అవసరమూ లేదు, అమ్మేవాడికి పోటీ ధరలోనే తప్ప ఆటలో కాదు. అవే లేకపోతే మాత్రం ఇక్కడి ఒక తరానికి మారియో ఎవరో తెలిసేది కాదు. అసలు పెట్టె మన బజారులో దొరకడమే అరుదు.

2025 జూన్‌లో వచ్చిన స్విచ్‌ 2ను ఈ లెక్కతోనే చూస్తున్నాను. తెర పెరిగింది, వేగం పెరిగింది, రూపం పాతదే. పదిహేను కోట్లకు పైగా స్విచ్‌లు అమ్మినవాడు దారి ఎందుకు మారుస్తాడు? అందరికంటే వెనకున్నది మైక్రోసాఫ్ట్‌. 2017లో నెలవారీ చందాకు వందకు పైగా ఆటలిచ్చే గేమ్‌పాస్‌ మొదలుపెట్టింది. సోనీ 2022లో తన చందాను ఇంచుమించు ఆ పద్ధతికే మార్చుకుంది. ఇప్పుడు మైక్రోసాఫ్ట్‌ తన ఆటలను ప్రత్యర్థి ప్లేస్టేషన్‌లో అమ్ముతోంది, తన కన్సోల్‌ ఎక్స్‌బాక్స్‌ పేరుతో చేతి యంత్రాన్ని ఆసుస్‌ చేత చేయించింది. ఇది చేతులెత్తేయడమేనని చాలామంది అంటున్నారు. కానీ రాబోయే అయిదేళ్లలో ఈ రంగంలో నిజంగా కొత్తదేదైనా వస్తే, అది మైక్రోసాఫ్ట్‌ నుంచే వస్తుందని నా అంచనా.