నొప్పి ఉన్న పాదాన్ని కూడా చదవాలి

ఈ పత్రికలో పాదాల గురించి ఎప్పుడు వ్రాసినా షుగరు వ్యాధి గురించే వ్రాస్తూ వచ్చాము. పుండు పడకుండా ఎలా చూసుకోవాలి, గోళ్ళు ఎలా కత్తిరించుకోవాలి, అరికాలిని రోజూ అద్దంలో ఎందుకు చూసుకోవాలి, ఇవన్నీ మన పాఠకులకు కంఠతా వచ్చు. మంచిదే. అయితే పాదాల సంరక్షణలో శిక్షణ పొందే నర్సులకు, ఫిజియోథెరపిస్టులకు, చెప్పులు తయారుచేసే సిబ్బందికి కూడా ఇంతవరకే నేర్పి పంపిస్తే సరిపోతుందా? సరిపోదని నా అభిప్రాయం. కీళ్ళవాతంతో, గౌట్‌తో, మడమ నొప్పితో వచ్చే పాదాన్ని కూడా వారు చదవాలి.

మిషన్ ఆసుపత్రులకు పాదాల విద్య కుష్ఠు రోగుల నుండి వచ్చింది. 1946లో వేలూరు వచ్చిన డాక్టర్ పాల్ బ్రాండ్, ఆయన సహచరులు ఒక సంగతి గ్రహించారు. కుష్ఠు రోగి పాదానికి పుండ్లు పడేది జబ్బు మాంసాన్ని తినేయడం వల్ల కాదు, స్పర్శ లేని పాదం మీద పదే పదే పడే ఒత్తిడి వల్ల. మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు చెప్పులు ఆ అవగాహనతోనే వాడుకలోకి వచ్చాయి. తరువాత అదే విద్య షుగరు రోగులకు పనికివచ్చింది. ఈ రోజు వాటిని జనం షుగర్ చెప్పులనే అంటారు. ఈ రెండు జబ్బుల్లోనూ కష్టం ఒక్కటే, నొప్పి తెలియకపోవడం. కీళ్ళవాతం పాదం సరిగ్గా దీనికి ఎదురు. ఆ రోగికి ప్రతి అడుగూ నొప్పే. నొప్పి తెలియని పాదం కోసం తయారైన పాఠాన్ని నొప్పితో నిండిన పాదానికి ఉన్నదున్నట్టు అప్పజెప్పడం న్యాయం కాదు.

రుమటాయిడ్ కీళ్ళవాతం అనగానే అందరూ చేతివేళ్ళు చూస్తారు. చాలామందిలో కాలివేళ్ళ మొదళ్ళలోని చిన్న కీళ్ళు కూడా తొలి దశలోనే వాస్తాయి. ప్రొద్దున లేచి నేల మీద అడుగు వేస్తే గులకరాళ్ళ మీద నడిచినట్టుంటుందని రోగులు చెబుతారు. పరీక్ష చాలా తేలిక. పాదం ముందు భాగాన్ని రెండు ప్రక్కల నుండి చేతితో మెల్లగా నొక్కాలి. నొప్పితో రోగి కాలు వెనక్కు లాక్కుంటే ఆ కీళ్ళలో వాపు ఉందేమోనని అనుమానించాలి. దీనికి యంత్రం అక్కరలేదు, రోగి చేత మేజోళ్ళు తీయించే ఓపిక ఉంటే చాలు.

ఆ ఓపికే కరువైంది. కీళ్ళవాతం తీవ్రతను లెక్కగట్టడానికి ప్రపంచమంతా వాడే ఒక కొలమానంలో 28 కీళ్ళను చూస్తారు. భుజాలు, మోచేతులు, మణికట్లు, చేతివేళ్ళు, మోకాళ్ళు అందులో ఉన్నాయి. చీలమండలు, పాదాలు లేవు! తక్కువ సమయంలో లెక్క తేలడానికి చేసిన ఏర్పాటు అది, తప్పు పట్టలేము. కాని చేతులు తగ్గాయి గనుక జబ్బు అణిగిందని కాగితం మీద వ్రాసుకున్న రోజున కూడా కాలివేళ్ళ కీళ్ళు లోలోపల అరిగిపోతూ ఉండవచ్చు. ఆ సంగతి డాక్టరుకు చెప్పగలిగినవారు పాదాన్ని చేతిలోకి తీసుకొని చూసే మనిషే. అందుకే ఆ మనిషికి ఈ చదువు కావాలంటున్నాను.

కీళ్ళవాతం ముదిరినప్పుడు వేళ్ళు పైకి లేచి వంకరపోతాయి, వాటి మొదళ్ళ ఎముకలు క్రిందికి దిగుతాయి, అరికాలి మెత్త ముందుకు జరిగిపోతుంది. ఎముక తల ఒత్తుకున్న చోట ఆనెకాయ కడుతుంది. ఇంట్లో బ్లేడుతో దాన్ని కోసుకోవడం మన దగ్గర మామూలు. స్టెరాయిడ్లు, మెథోట్రెక్సేట్ వంటి మందులు వాడేవారికి ఆ చిన్న గాయమే ప్రమాదం తేవచ్చు. పైగా ఒత్తిడి తగ్గించకుండా ఎన్నిసార్లు కోసినా ఆనెకాయ మళ్ళీ వస్తుంది. నొప్పి ఉన్న చోటికి సరిగ్గా క్రింద మెత్త పెట్టకూడదు, ఎముక తలలకు కాస్త వెనుకగా పెట్టాలి. అప్పుడే బరువు ఆ చోటు నుండి తప్పుకుంటుంది. ఆ తేడా చేసి చూస్తేనే పట్టుబడుతుంది.

చెప్పుల విషయం మరీ ముఖ్యం. బొటనవేలికి ఉంగరంలా తగిలించుకునే చెప్పు మన ఆడవారికి అలవాటు. బొటనవేలు ప్రక్కకు వంగిన పాదానికి ఆ ఉంగరమే శత్రువు. వేళ్ళు వంకరపోయిన పాదానికి వెడల్పుగా, లోతుగా ఉండే ముందు భాగం, వెనుక పట్టీ కావాలి. బకిల్ పెట్టి పంపిస్తే వాచిన చేతివేళ్ళతో ఆమె దాన్ని పెట్టుకోలేదు, వెల్క్రో ఉండాలి. ఇంగ్లీషు పుస్తకాలలోని ఇన్‌సోల్ పాఠాలు లేసుల బూట్లను ఉద్దేశించినవి. మనవారు వీధిలో చెప్పులు వేసుకుంటారు, ఇంట్లో గచ్చు మీద వట్టి కాళ్ళతో తిరుగుతారు. రోజులో ఎక్కువ గంటలు గచ్చు మీద గడిచేవారికి ఇంట్లో వేసుకునే మెత్తని జోడు వ్రాయకపోతే బయటి జోడు ఎంత మంచిదైనా ప్రయోజనం తక్కువ.

మడమ నొప్పికి వస్తే, ఎక్స్-రేలో ఎముక పెరిగిందని చెప్పి ఇంజక్షన్ ఇవ్వడం చాలాచోట్ల చూస్తాము. నొప్పి ఏమీ లేనివారి మడమలో కూడా ఆ ముల్లు కనబడుతుంది. పాతికేళ్ళ యువకుడికి మడమ వెనుక నొప్పి, ప్రొద్దున చాలాసేపు నడుము బిగుసుకుపోవడం, నడిచి పనిచేస్తే తగ్గడం ఉన్నాయంటే అది వెన్నెముక వాతం కావచ్చు. నడుము సంగతి అడగాలని తెలియనివారు ఆ అబ్బాయికి మడమ మెత్త ఇచ్చి పంపించేస్తారు, అసలు జబ్బు బయటపడడానికి సంవత్సరాలు పట్టవచ్చు. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చికున్‌గున్యా వ్యాపించినప్పుడు జ్వరం తగ్గిన నెలల తరువాత కూడా చీలమండలు పట్టుకొని వచ్చినవారిని మన తరం మరచిపోలేదు.

ఎర్రబడి వాచిన పాదం మరొక చిక్కు. గౌట్ కావచ్చు, చీము పట్టిన కీలు కావచ్చు, షుగరు రోగిలో ఎముకలు కుంగిపోయే షార్కో పాదం కావచ్చు. గౌట్ నొప్పి ఉధృతంగా ఉన్న రోజున రక్తంలో యూరిక్ ఆసిడ్ మామూలుగా కనబడడం కద్దు. షార్కో పాదంలో నొప్పి తక్కువ, వేడి ఎక్కువ. దాన్ని వాతమని భ్రమపడి నడవనిస్తే కొన్ని వారాలలోనే పాదం ఆకారం పోతుంది. షుగరు పాదాన్ని బాగా చూడడానికే కీళ్ళ జబ్బులు తెలియాలని నేను అనేది అందుకే.

బ్రిటన్‌లో పోడియాట్రీ సాధారణంగా మూడేళ్ళ డిగ్రీ, ఆపైన రిజిస్ట్రేషన్ తప్పనిసరి. పాదాల బాధ ఉన్న ప్రతి రుమటాయిడ్ రోగికి పోడియాట్రిస్టు అందుబాటులో ఉండాలని అక్కడి నైస్ సంస్థ 2009లోనే సూచించింది, 2018 మార్గదర్శకాలలోనూ ఆ మాట ఉంచింది. మన దేశంలో 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం జాబితాలో పోడియాట్రిస్టు పేరు ఉంది. పేరు ఉన్నంత మాత్రాన మనుషులు తయారుకారు. అలాగని రెండు రోజుల తరగతికి వచ్చి సర్టిఫికెట్ పుచ్చుకొని బోర్డు పెట్టుకోవడాన్ని నేను సమర్థించను.

"షుగరు పుండ్లకే సమయం చాలడం లేదు, ఇదెక్కడ?" అని తోటి సిబ్బంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. షుగరుకు కాళ్ళు తీసివేయవలసి వస్తుంది, కీళ్ళవాతానికి సాధారణంగా అంతవరకు రాదు. కాని పొలం పనికి, కట్టడం పనికి వెళ్ళే మనిషి నిలబడలేకపోతే ఆ ఇంట్లో జరుగుబాటు ఆగిపోతుంది. కొత్త భవనం, కొత్త యంత్రాలు నేను అడగడం లేదు. శిక్షణలో ఉన్నవారిని వారానికి ఒక పూట కీళ్ళ ఓ.పి.లో కూర్చోబెట్టండి. చెప్పుల వర్క్‌షాప్ మనకు ఉండనే ఉంది, అక్కడ ఒక పూట పనిచేయనివ్వండి. పుండు విభాగంలో వాడే 10 గ్రాముల ఫిలమెంటు ప్రక్కనే కీళ్ళు నొక్కి చూసిన వివరాలు వ్రాసుకొనే ఒక కాగితం పెట్టండి.

ఇంకొక చిన్న సంగతి. మన ఓ.పి. గుమ్మం దగ్గర చెప్పులు బయటే వదలమని పలక ఉంది. అరిగిన మడమ, ఒకవైపు ఒరిగిన అంచు, బొటనవేలి దగ్గర తెగిన వారు, పాదం చూడకముందే సగం సంగతి చెప్పే సాక్ష్యమంతా ఆ గుమ్మం బయటే ఉండిపోతోంది. పాదాల నొప్పితో వచ్చినవారిని చెప్పులు చేత పట్టుకొని లోపలికి రానివ్వమని ఆ పలక క్రింద ఒక వాక్యం చేర్పించాలని సూపరింటెండెంటు గారిని కోరుతున్నాను.