ఇంటి తనిఖీ నివేదికను రక్తపరీక్ష ఫలితంలా చదవండి

సైదాబాద్‌లో నేను వైద్యం చేసే రోజుల్లో ఒక ఏడేళ్ల బాలుణ్ణి తరచుగా నా దగ్గరకు తీసుకువచ్చేవారు. రాత్రిళ్లు దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. మందు వాడినన్నాళ్లూ తగ్గేది, మానగానే తిరగబెట్టేది. ఒకనాడు అటుగా వెళ్తూ వాళ్ల ఇంట్లో అడుగుపెట్టాను. పిల్లవాడు పడుకునే గదిలో, బీరువా వెనుక గోడంతా నల్లని బూజు పట్టి ఉంది. "కొనేముందు ఇంజినీరుకు చూపించాం డాక్టరుగారూ. బాత్‌రూమ్ వైపు నుంచి గోడకు చెమ్మ వస్తోందని రాసిచ్చాడు. రంగులు వేయిస్తే పోతుందిలే అనుకున్నాం" అన్నాడు తండ్రి. ఆ కాగితాన్ని రిజిస్ట్రేషన్ పత్రాలతో పాటు భద్రంగా దాచుకున్నారు కూడా.

ఆ కుటుంబం తనిఖీ చేయించలేదని అనలేము. చేయించి, అందులో తేలిన విషయాన్ని పట్టించుకోలేదు. మనలో చాలామంది చేసే పొరపాటు ఇదే. ఈశాన్యంలో మరుగుదొడ్డి ఉండకూడదని వాస్తు పండితుడు చెబితే వెంటనే గోడ పగలగొట్టిస్తాము. పిల్లర్‌లో ఇనుము తుప్పు పట్టిందని ఇంజినీరు చెబితే "పాత ఇళ్లన్నీ అంతే" అని సరిపెట్టుకుంటాము. వాస్తును నమ్మేవారితో నాకు పేచీ లేదు. ఆ శ్రద్ధలో సగమైనా ఇంజినీరు మాటకు ఇవ్వమనే నా విన్నపం.

రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగిందని వస్తే, ఆ కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టినంత మాత్రాన మూత్రపిండాల జబ్బు ఆగదు. ఇల్లు కూడా అంతే. నివేదికలోని ప్రతి వాక్యం వెనుక ఆరోగ్యానికి సంబంధించిన సంగతి ఒకటి ఉంటుంది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో నివసించేవారికి శ్వాసకోశ లక్షణాలు, ఉబ్బసం ఎక్కువగా కనిపిస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో వెలువరించిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. తాగునీటి సంపు పక్కనే పగిలిన డ్రైనేజీ పైపు ఉంటే టైఫాయిడ్, కామెర్లు పొంచి ఉన్నట్లే. గాలి వెళ్లే దారి లేని స్నానాలగదిలో గ్యాస్ గీజర్ ఉంటే, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిమిషాలలో ప్రాణం తీయగలదు. ఎర్తింగ్ సరిగా లేదని, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేదని రాస్తే, తడి చేతితో స్విచ్ వేసే ఇల్లాలిని తలచుకోండి.

సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతాలలో పాత అపార్ట్‌మెంట్లు చాలానే ఉన్నాయి. వాటిలో బాల్కనీ అడుగున పెచ్చులు ఊడటాన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల కాంక్రీటు లోపలి నుంచే పగులుతుంది. పైన సిమెంటు పూస్తే పగులు కనబడకుండా పోతుందే తప్ప, తుప్పు ఆగదు. పల్లపు ప్రాంతమని, సెల్లార్‌లో నీరు నిలిచిన గుర్తులున్నాయని రాసినప్పుడు 2020 అక్టోబరు వానలను గుర్తు చేసుకోండి. సరూర్‌నగర్ చెరువు నిండి కోదండరామ్ నగర్ వంటి దిగువ కాలనీలను ముంచెత్తింది. గోడ మీది నీటి గీత ఆ ఇంటి వైద్య చరిత్ర వంటిది.

చట్టం సంగతీ తెలుసుకోవాలి. కొనుగోలుదారుకు తెలియని, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాలను అమ్మేవారు చెప్పి తీరాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ అంటుంది. నివేదికలో మీరే చదివిన లోపాన్ని రేపు "దాచిపెట్టారు" అని ఎలా అనగలరు? రెరా చట్టం వర్తించే కొత్త ఇళ్లయితే, స్వాధీనం చేసిన 5 సంవత్సరాలలోపు నిర్మాణ లోపాన్ని కొనుగోలుదారు తెలియజేస్తే బిల్డరు 30 రోజులలో ఉచితంగా సరిచేయాలి. పాత ఫ్లాటును దాని యజమాని దగ్గర కొనేవారికి ఆ రక్షణ ఉండదు. వారికి తనిఖీయే రక్షణ.

లోపం లేని ఇల్లు ఉండదన్నది నిజమే. ప్లాస్టరింగ్ మీది వెంట్రుకవాసి గీతలు జలుబు వంటివి, వాటికి భయపడనక్కరలేదు. గోడను ఏటవాలుగా చీల్చుకుంటూ నానాటికీ వెడల్పయ్యే పగులు మాత్రం వేరు. ఏది ఏదో ఇంజినీరునే అడగండి, అనుమానముంటే మరొకరి అభిప్రాయం తీసుకోండి. బయానా ఇవ్వకముందే తనిఖీ చేయించండి. తేలిన లోపాన్ని అమ్మేవారి చేత బాగుచేయించడమా, ఖర్చు ధరలో తగ్గించుకోవడమా, ఆ ఇల్లు వదులుకోవడమా అన్నది తేల్చుకుని, ఒప్పుకున్నది అగ్రిమెంటులో రాయించండి. "వేరేవాళ్లు కొనేస్తారు" అనే తొందరలో సంతకం పెట్టకండి.

ఆ బాలుడి ఇంట్లో చివరకు గోడలోని పైపు మార్చి, చెమ్మ పట్టిన ప్లాస్టరింగ్ తీయించి మళ్లీ వేయించారు. ఉబ్బసం పూర్తిగా పోయిందని చెప్పను గాని, అర్ధరాత్రి నా తలుపు తట్టడం తగ్గింది. ఆ పని గృహప్రవేశానికి ముందే చేసి ఉంటే, ఆ పసివాడికి అన్ని రాత్రుల ఆయాసం తప్పేది.