పాముకు దూరం, ఆసుపత్రికి దగ్గర

వానకాలం వచ్చిందంటే మన బ్రూక్‌ఫీల్డ్ యువకులలో కొందరికి మనసు అడవి మీదికి పోతుంది. శని ఆదివారాలలో నలుగురు కలిసి కారు మాట్లాడుకుని ఆగుంబెకో, సకలేశపురానికో పోతారు. రాత్రిపూట టార్చిలైట్లు పట్టుకుని పాములను, తొండలను, కప్పలను వెదకి, ఫోటోలు తీసుకుని తిరిగి వస్తారు. పట్టి తేవడం లేదు, చంపడం లేదు. చూచి రావడమే వేడుక. ఈ సంగతి ఇంట్లో చెప్పగానే తల్లి, “పాము కనబడితే జనం పారిపోతారు గాని, వెదుక్కుంటూ ఎవరైనా పోతార్రా?” అంటుంది. తండ్రి పేపరు మడిచి పక్కన పెడతాడు. పిల్లవాడు అలుగుతాడు. సంఘంలో నలుగురు కలిసినప్పుడల్లా ఈ ఫిర్యాదు ఇరుపక్షాల నుంచీ మా చెవిని పడుతూనే ఉంది. అందుచేత ఈ మాసం మన శీర్షికను దీనికే కేటాయించాము.

మా అభిప్రాయం మొదటే చెప్పివేస్తాము. వద్దని కేకలు వేసి, చాటుగా పోయేటట్లు చేయడం కంటె, ఎలా పోతున్నారో అడిగి పంపడం మేలు. అడగవలసినవి ముఖ్యంగా రెండు దూరాలు. పాముకూ చేతికీ మధ్య దూరం ఎంత ఎక్కువైతే అంత మంచిది. మనిషికీ ఆసుపత్రికీ మధ్య దూరం ఎంత తక్కువైతే అంత మంచిది. తక్కిన జాగ్రత్తలన్నీ ఈ రెండింటి వెనుక వచ్చేవే.

ఇదంతా కొత్తకాలపు వెర్రి అని కొట్టివేయడానికీ లేదు. పాట్రిక్ రస్సెల్ అనే వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉండి, కోరమాండల్ తీరపు పాములను సేకరించి, 1796లో బొమ్మలతో సహా పెద్ద గ్రంథం అచ్చు వేయించాడు. అందులో చాలా పాములకు వ్రాసిన పేర్లు మన తెలుగు పేర్లే. ఇంగ్లీషులో ఇప్పుడు ఆయన పేరుతోనే పిలుస్తున్న పామును ఆయన ‘కాటుక రేకుల పొడ’ అని నమోదు చేశాడు. మనం రక్తపింజరి అనేది దానినే. దాని వంటి మీది మచ్చలను చూచి ఆ పేరు పెట్టిన పల్లెటూరివాడెవరో గాని, దూరాన నిలబడి బాగా చూచినవాడే అయివుంటాడు.

ఇక మొదట ఆసుపత్రి సంగతి. ఏ కొండకు పోదాం అని కాక, ఏ ఆసుపత్రికి ఎంత దూరంలో ఉందాం అని మన పిల్లలు లెక్క మొదలుపెట్టాలి. ఆగుంబెనే తీసుకుందాం. శివమొగ్గ జిల్లా తీర్థహళ్ళి తాలూకాలో ఉన్న ఈ ఊరు వానలకూ, రాచనాగులకూ పేరుపడింది. 2005లో రాములస్ విటేకర్‌గారు అక్కడ వర్షారణ్య పరిశోధన కేంద్రం నెలకొల్పారు. 2024లో శాస్త్రజ్ఞులు పడమటి కనుమల రాచనాగును వేరే జాతిగా గుర్తించి, ‘కాళింగ’ అన్న కన్నడ పేరునే దాని శాస్త్రనామంలో పెట్టారు. చూడదగిన చోటనడంలో సందేహం లేదు. కాని అక్కడినుంచి తీర్థహళ్ళి సుమారు 30 కిలోమీటర్లు. పెద్ద ఆసుపత్రి కావాలంటే ఘాటు మలుపులు దిగి మణిపాల్ చేరాలి. అది సుమారు 50 కిలోమీటర్లు. పగటిపూట ఇది చిన్న ప్రయాణమే. అర్ధరాత్రి, జోరువానలో, మంచు కమ్మిన మలుపులలో ఎంతసేపు పడుతుందో ఊహించుకోవచ్చును.

మందు సంగతి కూడా తెలుసుకోవాలి. మన దేశంలో దొరికే విరుగుడు మందు గుర్రాల నెత్తురు నుంచి తయారవుతుంది. అది నాలుగు పాముల విషానికి పనికివస్తుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుకనేలల్లో పొలుసులు ఒరుసుకుంటూ రంపపు చప్పుడు చేసే చిన్న పింజరి. ఈ నాలుగింటిలో ఏది కరిచినా మందు ఒకటే. కాని మలెనాడు అడవులలో, ముక్కు పైకి లేచిన చిన్న పింజరి ఒకటి ఉన్నది. దాని విషానికి ఈ మందు సరిగా పనిచేయదు. రాచనాగు కూడా ఆ నాలుగింటి జాబితాలో లేదు. అనగా మన యువకులు ముచ్చటపడి పోయే చోటనే మందు ధైర్యం తక్కువ. పోయే ముందు ఆసుపత్రికి ఫోను చేసి, విరుగుడు మందు నిలవ ఉందా, ఊపిరి ఆడించే యంత్రం ఉందా అని అడగడం తప్పు కాదు.

నిపుణులకు ఇవి అవసరం లేదనుకోవద్దు. అమెరికాలోని కాలిఫోర్నియా సైన్సు అకాడమీకి చెందిన జోసెఫ్ స్లోవిన్‌స్కీ పాముల శాస్త్రంలో పేరుపొందినవాడు. 2001 సెప్టెంబరు 11న ఉత్తర బర్మా మారుమూల అడవిలో ఉండగా, విషం లేని పామని చెప్పి ఇచ్చిన సంచిలో చెయ్యి పెట్టాడు. లోపల ఉన్నది కట్లపాము జాతి పిల్ల. ఊపిరి ఆగిపోతే తోటివారు గంటల తరబడి నోటితో ఊపిరి ఊదారు. వాతావరణం బాగాలేక హెలికాప్టరు రాలేకపోయింది. మర్నాడు ఆయన చనిపోయాడు, వయస్సు 38. చేతికి దూరం లేకపోయింది, ఆసుపత్రి దగ్గర లేకపోయింది.

రెండవది చేతి దూరం. పాము ఎంత చిన్నదైనా, విషం లేనిదని ఎంత నమ్మకమున్నా, రెండు నిలువుల దూరం విడవాలి. పెద్ద రాచనాగు 15 అడుగులు దాటుతుంది గనుక దానికి ఇంకా ఎక్కువ. ఫోటో కోసం పామును కర్రతో కదిపి పడగ విప్పించడం కూడదు. కంటికి కనబడని చోట చెయ్యి పెట్టరాదు: రాతి కింద, మొద్దు కింద, చెట్టు తొర్రలో, పుట్ట కన్నంలో. అడ్డంగా పడిన మొద్దును ఒక్కసారిగా దాటరాదు. ముందు దానిమీద నిలబడి అవతల వెలుతురు వేసి చూడాలి. చచ్చిన పామును కూడా ముట్టరాదు. తల తెగిన తరువాత కూడా కొంతసేపు అది కరవగలదు. “పాము చావకుండా, కర్ర విరగకుండా” అన్న సామెత మనం వేరే అర్థంలో వాడుతాము గాని, వీరి పనికి అది అక్షరాలా సరిపోతుంది.

తీసుకుపోవలసినవి పెద్ద ఖర్చు కాదు. మోకాలి కిందిదాకా వచ్చే గట్టి బూట్లు, మందపు పంట్లాము, ఒక్కొక్కరికి రెండేసి టార్చిలైట్లు, విడి బ్యాటరీలు, ఒక పొడుగు కర్ర, నీళ్ళు, వెడల్పాటి గుడ్డపట్టీలు, ఈల. ముగ్గురికి తక్కువగా పోరాదు. కారు తిప్పి రోడ్డువైపు ముఖం పెట్టి నిలపాలి. డ్రైవరు మెలకువగా ఉండాలి. మద్యం ముట్టినవాడు ఆ రాత్రి గదిలోనే ఉండాలి. రోడ్డు మీద పడుకున్న పామును ఫోటో తీయడానికి నడిరోడ్డున కూర్చోరాదు. లారీ వచ్చేది చూచేందుకు ఒకరు నిలబడాలి. రాత్రి నేలమీద పడుకోక, మంచం మీద దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకోవాలి. కట్లపాము నిద్రపోయేవారిని కరుస్తుంది. ఆ కాటు నొప్పి కూడా తెలియదు. పొద్దున బూట్లు దులిపి తొడుక్కోవాలి.

పాములొక్కటే భయం కాదు. శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో బయటపడిన కోతి జ్వరం అడవి గోమార్ల వల్ల అంటుకుంటుంది. అది ముఖ్యంగా చలికాలం మొదలుకొని మే నెల దాకా వస్తుంది. ఆ రోజులలో పోయినవారు ఇంటికి రాగానే వళ్ళంతా వెదకి చూచుకోవాలి. తరువాత జ్వరం వస్తే, ఏ అడవికి పోయివచ్చామో డాక్టరుగారికి చెప్పాలి. మనకు దగ్గరైన బన్నేరుఘట్ట అడవిలో ఏనుగులున్నవి. రాత్రులు అక్కడ నడవడం ప్రాణాంతకం, పర్మిషను లేకుండా ప్రవేశించడం నేరం కూడా.

పాము కరిస్తే చేయవలసినది తేలిక, చేయకూడనివే ఎక్కువ. పాముకు దూరంగా జరిగి కూర్చోబెట్టాలి. ఉంగరాలు, గాజులు, గడియారం తీసివేయాలి. కరిచిన కాలో చెయ్యో, ఎముక విరిగినప్పటివలె బద్ద పెట్టి కదలకుండా వదులుగా కట్టాలి. కరిచిన వేళ కాగితం మీద వ్రాసి, వెంటనే బండి ఎక్కించాలి. 108కి ఫోను చేయవచ్చును. నడిపించరాదు, పరుగెత్తించరాదు. తాడుతో బిగించి కట్టరాదు, కోయరాదు, నోటితో పీల్చరాదు, ఆకుపసరు పూయరాదు. పామును వెంటబడి పట్టుకుపోనక్కరలేదు. మందు సూదులు ఆసుపత్రిలోనే వేయించాలి. కొందరికి మందే పడకపోవచ్చు, అప్పుడు డాక్టరు పక్కన ఉండాలి. ఏమీ తెలియనట్లున్నా 24 గంటలు అక్కడే ఉంచాలి. పిల్లలకు మోతాదు తగ్గించరు. విషం పెద్దకూ చిన్నకూ ఒక్కటే గదా.

మన పిల్లలకు ఇంగ్లీషు వచ్చినంత కన్నడం రాదు. కొండ ఊళ్ళో అర్ధరాత్రి జీపువాణ్ణి లేపడానికి ఇంగ్లీషు పనికిరాదు. “హావు కచ్చిదె, ఆస్పత్రెగె బేగ హోగి” అన్న ముక్క నేర్చి పంపండి. నాగుపామును నాగరహావు అనీ, రక్తపింజరిని కొళకుమండల అనీ, జెర్రిపోతును కేరెహావు అనీ అక్కడివారంటారు.

ఇంకొక్క మాట, చట్టం గురించి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి లేకుండా పామును పట్టడమూ, ముచ్చటపడి నక్షత్ర తాబేలును ఇంటికి తెచ్చి పెంచుకోవడమూ నేరాలు. ఆ తాబేళ్ళ దొంగవ్యాపారం ఎంత పెరిగిందంటే, 2019లో దేశదేశాల మధ్య వాటి వాణిజ్యం పూర్తిగా నిషేధించారు. అందుచేత ఏది ఎక్కడ కనబడిందో ఊరూ చోటూ నలుగురికీ ప్రకటించకుండా ఉండడం మంచిది.

కొత్తవారు పగటి పూటనే మొదలుపెట్టవచ్చును. నంది కొండ మీది రాతి తొండను చూడండి; మగది పోటీకి వచ్చిన మగదాని ఎదుట ఒక రంగు, ఆడదాని ఎదుట ఇంకొక రంగు చూపుతుంది. తిరుపతి ప్రాంతానికి పోయినప్పుడు శేషాచలం రాతి నెరియలలో బంగారు బల్లి కనబడుతుందేమో చూడండి. విషం లేదు, కాటు భయం లేదు. చూచే ఓర్పు అలవడుతుంది.

2020లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, మన దేశంలో పాముకాటుతో ఏటా సగటున 58,000 మంది చనిపోతున్నారు. దాదాపు సగం చావులు జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. వారిలో చాలామంది పొలం పనులకు పోయే పల్లెటూరివారే, పామును వెదకబోయినవారు కారు. బ్రతుకుతెరువు కోసం పోయేవారికి లేని వెసులుబాటు మన పిల్లలకు ఉన్నది: ఎప్పుడు పోవాలో, ఎంత దూరం పోవాలో వారే నిర్ణయించుకోగలరు. ఆఫీసులో మేము సెలవు చీటీ పెట్టకుండా కుర్చీ విడువము. అడవికి పోయేవారూ ఇంట్లో ఒక చీటీ పెట్టి పోవాలి. ఏ ఊరు, ఎవరెవరు, బండి నంబరు, దగ్గరి ఆసుపత్రి పేరు, దాని ఫోను నంబరు, తిరిగి వచ్చే వేళ, ఆ వేళ దాటిన ఎన్ని గంటలకు మనం కబురు చేయాలి. ఈ ఏడు సంగతులూ వ్రాయగలిగినవాణ్ణి అమ్మ దీవించి పంపవచ్చును. వ్రాయలేనివాడు వచ్చే వారం పోతాడు. పాములు అక్కడే ఉంటాయి.