ఫోటో ఉంది కదా, ఇంకేం ప్రూఫ్ కావాలి?

మన వాట్సాప్ గ్రూపుల్లో ఏ గొడవైనా ఈ ఒక్క మాటతో తెగిపోతుంది. నా పేచీ ఆ మాటతోనే.

మాది ఏఎస్ రావు నగర్. దగ్గర్లోనే కాప్రా చెరువుంది. సాయంత్రం కట్ట మీద నిలబడి, నీళ్ల మీద మెరిసే ఎండను మాత్రం జూమ్ చేసి తీస్తే టూరిజం పోస్టరే. ఫోన్ కాస్త పక్కకి తిప్పితే గుర్రపుడెక్క. రెండూ నిజమే, ఏదీ ఎడిట్ చేసింది కాదు. ఏది స్టేటస్ పెట్టాలో కెమెరా తేల్చదు.

"అది మనిషి పక్షపాతం, సెన్సర్‌ది కాదు" అంటారు మన ఈసీఈ వాళ్లు. సరే, సెన్సర్ దగ్గరికే పోదాం. మామూలు ఫోన్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ మీద ఒక్క రంగు ఫిల్టరే ఉంటుంది. బేయర్ ఫిల్టర్ అంటే సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. మిగతా రెండు రంగులూ పక్క పిక్సెళ్లను చూసి వేసిన అంచనా. మంచి అంచనాయే, కాదనను.

నన్ను ఎక్కువగా కుదిపినవి పాత ఫోటోలు. 1876-78 కరువు రాయలసీమతో సహా మద్రాసు ప్రెసిడెన్సీని ఊడ్చేసింది. ఆ బాధితుల ఫోటోలు తీసినవాడు విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి. అంతకు కొన్నేళ్ల ముందు ఇదే సికింద్రాబాద్‌లో మరో అధికారితో కలిసి పులివేట దృశ్యాలను అచ్చం నిజంలా అమర్చి తీశాడు. కరువులో ఎముకల గూళ్లయిన మనుషుల్నీ అలాగే వరసగా కూర్చోబెట్టి తీశాడు. 1886లో మాండలేలో, కెమెరా సిద్ధమయ్యేదాకా మరణశిక్షలు ఆపించాడన్న ఆరోపణ మీద విచారణ కూడా జరిగింది.

మరి ఆ కరువు ఫోటోలు అబద్ధాలా? కాదు. ఆ పక్కటెముకల్ని హూపర్ అమర్చలేదు. కానీ ఆ కరువులోనే దేశం నుంచి ఓడలెక్కిన ధాన్యం ఫ్రేములో లేదు. ఫోటో తీశాక వాళ్లకి ఎవరైనా ఇంత గంజి పోశారో లేదో కూడా ఫోటో చెప్పదు.

అలాగని "ఏ ఫోటోనీ నమ్మొద్దు" అనేవాళ్లతోనూ నేను కలవను. ఆ మాట వల్ల బాగుపడేది ఫోటోలో దొరికిపోయినవాడే. "అదంతా ఏఐ బ్రో" అని దులిపేసుకుంటాడు. ఫోటో ఒక సాక్షి. సాక్షిని బయటికి గెంటం, అలాగని ప్రశ్నలు అడక్కుండా వదలం కూడా. నువ్వెక్కడ నిలబడ్డావు? నిన్నెవరు పిలిచారు?

అందుకే గ్రూపులో ఫోటో పడగానే, దానికి ముందూ వెనకా తీసినవి కూడా పెట్టమంటాను. చాలాసార్లు వచ్చే జవాబు: "డిలీట్ చేశా రా, స్టోరేజ్ లేదు."