నీళ్లతో ఆట, కంటితో కాపలా



ఎండలు ముదిరితే పిల్లల మనసు నీళ్ల మీదికే పోతుంది. అన్న ఈతకు వెళ్తుంటే నాలుగేళ్ల తమ్ముడు కూడా వెనకాలే పరుగెత్తుతాడు. ఆ పసివానికి ఈత నేర్పవచ్చునా? నేర్పితే ఎక్కడ, ఎలా నేర్పాలి? ఈ నెల మనము ఈ సంగతి ఆలోచిద్దాము.

మన పెద్దలు దిగుడు బావిలో ఈత నేర్చుకున్నారు. నడుముకు బెండ్లో, ఎండిన సొరకాయ బుర్రలో కట్టి, తండ్రో మేనమామో పక్కనుండి నేర్పేవారు. బావిలో నీరు కదలదు, ఎక్కి రావడానికి మెట్లుంటాయి. తరువాత సాగర్ కాలువలు వచ్చాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదిలారు. జవహర్ కాలువ అని పిలిచే కుడికాలువ మన మెట్ట పొలాలకు నీరిచ్చి, ఇంటింటికీ అన్నము పెట్టింది. అయితే కాలువ బావి వంటిది కాదు. నీరు లాగుతుంది. సిమెంటు చేసిన వాలు పాచిపట్టి జారుతుంది. ఈత వచ్చిన పెద్దవాడికే పట్టు దొరకదు. కనుక మాచర్లలోనైనా, గురజాలలోనైనా, నరసరావుపేటలోనైనా పారే కాలువ ఈత నేర్పే చోటు కాదు.

పూర్వకాలపు యూదు బోధకులు తండ్రి కుమారునికి చేయవలసిన పనులను చెప్పుచు, ధర్మశాస్త్రము, చేతిపని నేర్పుటతో పాటు ఈత నేర్పుట కూడా అందులో ఉన్నదని కొందరు చెప్పినట్లు తల్మూదులో వ్రాయబడి ఉంది. ఈత సరదా మాత్రమే కాదు, ప్రాణము కాపాడే విద్య అని వారు ఎరుగుదురు.

చెరువులు, కుంటలు నిండుగా ఉండే బంగ్లాదేశ్ పల్లెలలో ఈ పని చేసి చూశారు. ఊరి చెరువులోనే వెదురుతో మంచె కట్టి, లోతు తెలిసిన ఆ చోటులో 4 ఏళ్లు దాటిన పిల్లలకు ఈత నేర్పారు. అంతకంటె చిన్నవారిని, తల్లులు పనిలో ఉండే పూట, ఊరిలోనే ఒకామె దగ్గర ఉంచారు. ఈ రెండు పనుల వలన నీటి మరణములు బాగా తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా బడికి పోయే పిల్లలకు ఈత నేర్పమనీ, బడి ఈడు రాని వారికి మంచి కాపలా ఏర్పాటు చేయమనీ చెబుతున్నది.

మరి మూడు నాలుగేళ్ల వారికి ఏమి నేర్పాలి? నీటితో స్నేహము, అది కూడా ఆటగానే. మొదట ఇంట్లో బేసిను చాలు. ఆకును పడవ చేసి నోటితో ఊది నడిపించండి. తరువాత పెదవులు నీటిలో పెట్టి బుడగలు ఊదనివ్వండి. "ఒకటి, రెండు, మూడు" అని చెప్పి, నోరు మూసుకున్నాకనే తలమీద చెంబుతో నీళ్లు పోయండి. భయము తీరిన తరువాత నిలకడైన, శుభ్రమైన, మీ నడుములోతు మించని నీటిలోకి ఎత్తుకొని దిగండి. పొలములో బోరు కింద తొట్టి దీనికి అనుకూలము. ఊరి మంచినీళ్ల చెరువులో మాత్రము దిగరాదు. మీ అరచేతి మీద వెల్లకిల పడుకోబెట్టి ఆకాశములో కొంగలను లెక్కపెట్టించండి. కప్పలాగా కాళ్లు కొట్టించండి. వెనక్కు తిరిగి గట్టు పట్టుకొనే ఆట రోజూ ఆడించండి. పావుగంట చాలు. వణికినా ఏడ్చినా ఆపేయండి. "దానంతటదే వస్తుంది" అని పిల్లవానిని నీటిలో విసరవద్దు. ఆ భయము ఏళ్ల తరబడి పోదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇవన్నీ నేర్చినా ఐదేళ్లలోపు బిడ్డ తన్ను తాను రక్షించుకోలేడు. బెండ్లు, ట్యూబు జారిపోవచ్చును. నీటి దగ్గర ఉన్నంతసేపు బిడ్డ మీ చేతికి అందేంత దూరములో ఉండాలి. మునిగే బిడ్డ కేక వేయడు, చప్పుడు లేకుండా మునుగుతాడు. బావికే పోనక్కరలేదు. ఇంటి ముందు గాబు, కుడితి తొట్టి, సగము నిండిన బకెట్టు చాలు. గాబుకు మూత వేయండి, బకెట్టు బోర్లించండి. అమ్మ మిరప కోతకు పోయిన పూట ఏడేళ్ల అక్కకు చంటివానిని అప్పగించడము కాపలా కాదు. అంగన్‌వాడీలోనో, పెద్దవారి దగ్గరనో ఉంచండి.

ఎవరైనా మునుగుతుంటే ఈత రానివారు దూకవద్దు. పంచె, చీర, తాడు కట్టిన ఖాళీ డబ్బా విసరండి. బయటికి తీసిన బిడ్డను తలకిందులుగా తిప్పవద్దు, పొట్ట నొక్కవద్దు. ఊపిరి లేకపోతే వెంటనే నోటిలో ఊపిరి ఊది, రొమ్ము మధ్య నొక్కడము మొదలుపెట్టాలి. మరొకరు 108కి ఫోను చేయాలి. ఈ పద్ధతిని మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో అడిగి ముందే నేర్చుకోండి.

ఈ వేసవిలో వి.బి.ఎస్. జరిగే ప్రతి సంఘములో, పిల్లలు ఇంటికి మళ్లే వేళకు కాలువ గట్టున ఇద్దరు పెద్దలు నిలబడే ఏర్పాటు చేయమని కోరుతున్నాము. స్త్రీల సమాజము, యువజనులు వంతులు వేసుకుంటే ఎవరికీ భారము కాదు. రేపు ఉదయమే మీ ఇంటి గాబుకు మూత ఉందో లేదో చూడండి. పని అక్కడ మొదలుపెడదాము.