చీకటి సంతలు

మన పల్లెలలో సంత జరుగు తీరు విద్యార్థులెల్లరు నెఱుగుదురు. కొనువాడు అమ్మువాని ముఖము చూచును. అమ్మువాడు కొనువాని యూరును పేరును ఎఱుగును. తూనికలో మోసము జరిగినచో మఱుసటి వారము వచ్చి నిలదీసి యడుగవచ్చును. ఈ ముఖపరిచయమే మన సంతలకు కావలి. నేటి లోకమున నట్టి కావలి లేని సంతలు వెలసినవి. డార్క్ వెబ్ సంతలని వానికి వాడుక పేరు. ఇట్టి విషయములను బాలుర చెవిని వేయరాదని కొందఱు పెద్దల తలంపు. వేయకుండుటయే యపాయకరమని నా యభిప్రాయము.

ఏలయన, ఇది దూరదేశపు ముచ్చట మాత్రమే కాదు. 2017 జూలైలో హైదరాబాదున ఆబ్కారీ శాఖవారు మత్తుమందుల వర్తకులను కొందఱిని పట్టుకొనిరి. ఎల్.ఎస్.డి. యను మందు ఇట్టి సంతలనుండి పార్సిళ్లలో వచ్చుచున్నదనియు, కొనినవారిలో పాఠశాల విద్యార్థులును గలరనియు నప్పుడు బయల్పడి, తలిదండ్రుల గుండెలు గుభిల్లుమనెను.

ఈ సంతల కట్టుబాటు నించుక తెలిసికొందము. ఒక యుత్తరమును మూడు కవరులలో, ఒకదానిలోపల నొకటిగా నుంచి పంపితిమనుకొనుడు. మోయువా రొక్కొక్కరును తమ కవరును మాత్రమే విప్పి, తరువాత నెవరి కీయవలయునో యంతవఱకే తెలిసికొందురు. పంపినవా డెవడో, తుదకు చేరున దెక్కడికో, రెండును తెలిసినవా డొక్కడును లేడు. టార్ అను సాధనము పనిచేయు విధ మిదియే. దీనికి మూలమైన యూహ అమెరికా నౌకాదళపు పరిశోధనాలయమున పుట్టినది. సంతలో వెల బిట్‌కాయిన్ రూపమున చెల్లును. సంత నడుపువాడు ప్రతి బేరమునను తన వంతు తీసికొనును.

2011లో రాస్ ఉల్‌బ్రిక్ట్ అను అమెరికా యువకుడు ‘సిల్క్ రోడ్’ అను నిట్టి సంతను స్థాపించెను. అతడు భౌతికశాస్త్రము చదివిన పట్టభద్రుడు. తన్నెవ్వరును కనుగొనలేరని నమ్మెను. కాని పన్నుల శాఖ యుద్యోగి యొకడు, అందఱు వాడు గూగులులోనే వెదకి, ఆ సంతను మొదట ప్రకటించిన పాతవ్రాతలను, వానివెంట నొక యీమెయిలు చిరునామాను కనిపెట్టెను. 2013 అక్టోబరు 1న శాన్ ఫ్రాన్సిస్కోలోని యొక గ్రంథాలయమున ఉల్‌బ్రిక్ట్ కూర్చుండియుండగా, అధికారు లిరువురు వెనుక కలహించుచున్నట్లు నటించిరి. అతడు తల త్రిప్పినంతనే, తెఱచియున్న లాప్‌టాప్ వారి చేత చిక్కెను. ఆ తరువాత వెలసిన ‘ఆల్ఫాబే’ మఱింత పెద్ద సంత. 2017 జూలైలో బ్యాంకాకున పట్టుబడిన దాని యధిపతిని గూడ పట్టియిచ్చినది యొక పాత యీమెయిలు చిరునామాయే. కావున చీకటి యెంత చిక్కనిదైనను, మనుష్యుని యజాగ్రత్తను కప్పలేదు.

ఇక రక్షకభటుల సంగతి. 2017 జూన్‌లో డచ్చి పోలీసులు ‘హన్సా’ యను సంతను రహస్యముగా తమ వశము చేసికొని, వెంటనే మూయక, నెలదినములు తామే నడిపిరి. ఆల్ఫాబే మూతపడగా నచటివారు పరుగున వచ్చి యీ వలలో పడిరి. ఉపాయము ఫలించెను; కాని యానెల మత్తుమందుల బేరములు పోలీసుల కన్నులయెదుటనే సాగెను. ఇట్టి యధికారము న్యాయాధిపతుల యనుమతితో, గడువుతో, పిమ్మట లెక్క యొప్పజెప్పు నియమముతో నుండవలయునని నా మనవి. ఎందుకనగా, సిల్క్ రోడ్‌పై విచారణకు నియమింపబడిన యధికారులలోనే యిరువురు బిట్‌కాయిన్లు కాజేసి, 2015లో చెఱసాల పాలైరి. కావలివానికిని కావలి కావలయును.

అట్లని, మఱుగును మొత్తముగా నిషేధింపవలయునను వారితో నేనేకీభవింపను. ఉత్తరమునకు కవరు తొడుగుట నేరము కాదు. నిరంకుశ ప్రభుత్వముల క్రింద సత్యము వ్రాయు పత్రికారచయితలకు నీ సాధనమే దిక్కు. పైని చెప్పిన దొరలు పట్టుబడినది ఎల్లరి కవరులను చింపినందున గాదు, ఓపికతో వెదకినందున.

ఉల్‌బ్రిక్ట్‌నకు 2015లో యావజ్జీవశిక్ష పడెను. 2025 జనవరిలో అమెరికా యధ్యక్షుడు క్షమాభిక్ష నొసగెను. దీనిని జూచి యది నేరమే కాదని యెవ్వరును తలంపరాదు. శిక్ష విధించిన దినమున ఒక తండ్రియు, ఒక తల్లియు న్యాయస్థానమున నిలిచి, తమ బిడ్డల మరణములను గూర్చి చెప్పిరి. ఆ బిడ్డలలో నొకడు పదునాఱేండ్లవాడు. మన పాఠశాలలో పదవతరగతి వానియీడు! ముఖములేని సంతకు ఆదినమున ముఖము కనబడెను.

తలిదండ్రులారా, ఉపాధ్యాయులారా, మన కర్తవ్యమును ఒక్క మాటలో చెప్పెదను. సంత నడుపువానిని చట్టము కఠినముగా పట్టవలసినదే. కాని చిక్కుకొనిన బాలుని పేరు తెలిసినంతనే పాఠశాల పరువు పోవునని వెళ్లగొట్టుట తగదు. వెళ్లగొట్టబడినవాని కిక మిగులునది యా చీకటియే. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము సైతము, స్వల్పపరిమాణముతో పట్టుబడినను తానై చికిత్సకు వచ్చిన వ్యసనపరునికి 64ఏ విభాగమున అభియోగమునుండి రక్షణ కల్పించుచున్నది. చట్టమునకున్న దయ మనకు లేకుండునా? మన రాష్ట్రమున 2024లో ఏర్పడిన ఈగల్ దళమువారి 1972 నంబరును ప్రతి గృహమున వ్రాసి యుంచుకొనుడు.

విద్యార్థులారా! కోరుకొండనుండియైనను, ఏ మహానగరమునుండియైనను, చేతిలోని ఫోనునకు దూరము లేదు. తెలియక తప్పటడుగు వేసితిరేని, ఆ రాత్రియే యింట నొక పెద్దకు గాని, మఱునాడు మాలో నొకరికి గాని చెప్పుడు. మేము కోపింపవచ్చును, కాని మిమ్ము విడువము. ముఖములేని సంతకు విరుగుడు, మీరు భయపడక చూడగలిగిన యొక ముఖమే.