కొబ్బరిపై స్లగ్ గొంగళి పురుగులు: నమోదులో లోపిస్తున్నవి

కొబ్బరి తోటలో స్లగ్ గొంగళి పురుగు చేరినదని మొదట తెలుసుకొనేది చాలాసార్లు శాస్త్రవేత్త కాదు, చెట్టెక్కిన దింపు కార్మికుడు. మట్ట పట్టుకొన్న చేతికి నిప్పు తగిలినట్లు మంట పుడుతుంది, ఆపై దద్దుర్లు లేస్తాయి. ఆకు నష్టాన్ని శాతాలలో లెక్కించే సర్వే పత్రంలో ఆ చేతికి చోటుండదు. విస్తరణ విభాగం ఈ లోపాన్ని చిన్నదిగా చూడరాదు.

లిమకోడిడే కుటుంబానికి చెందిన ఈ పురుగులు నత్తవలె జారుతూ కదులుతాయి. దేహంపైనున్న బోలు ముళ్లు విషగ్రంథులతో కలిసి ఉంటాయి. తాకినంతనే అవి చర్మంలో గుచ్చుకొని విషాన్ని దింపుతాయి. పరాసా లెపిడాను పచ్చని దేహంపైనున్న నీలి చారలతో పోల్చుకోవచ్చు. అది మామిడిని, ఆముదాన్ని కూడా ఆశిస్తుంది. డార్నా నరారియా కొబ్బరిపై ఉధృతంగా వచ్చినప్పుడు ఆకులు కాలినట్లు ఎండిపోతాయి. ఇదే పురుగు కొన్ని రచనలలో మాక్రోప్లెక్ట్రా నరారియాగా కనబడుతుంది. రెండు పేర్లనూ రెండు జాతులుగా లెక్కించే విద్యార్థిని తప్పుపట్టలేము.

పేరుతోపాటు ఊరు కూడా స్పష్టంగా ఉండాలి. అంబాజీపేట 2022 ఏప్రిల్ వరకు తూర్పు గోదావరి జిల్లాలోనిది, నేడు కోనసీమ జిల్లాలోనిది. ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ ఉన్న పెదవేగి పశ్చిమ గోదావరి నుండి ఏలూరు జిల్లాకు మారింది. కనుక జిల్లా పేరుతో ఆగిపోయిన పాత నమోదు నేటి పటంపై ఎక్కడ నిలుస్తుందో చెప్పడం కష్టం. గ్రామం పేరు వ్రాసి ఉంటే ఆ చిక్కు ఉండదు. స్లగ్ పురుగులను ఆశించే ఒక చిన్న బదనిక కందిరీగ శాస్త్రీయ నామం యూరిటోమా తాటిపాకెన్సిస్. జిల్లాల సరిహద్దులు ఎన్నిసార్లు మారినా ఆ పేరులో కోనసీమలోని తాటిపాక చెక్కుచెదరక నిలిచి ఉన్నది.

అటువంటి బదనికలు పురుగులను పెంచి చూసినప్పుడే బయటపడతాయి, ఫొటో తీసి పంపినప్పుడు కాదు. చిమటాతో పది పదిహేను పురుగులను, మట్టలకు అంటుకొన్న గట్టి గూళ్లను సేకరించి గాలి ఆడే డబ్బాలో ఉంచాలి. రెక్కల పురుగు వెలువడితే జాతి నిర్ధారణకు ఆధారం దొరుకుతుంది. బదనికలే ఎక్కువగా వెలువడితే పిచికారీని వాయిదా వేయడానికి కారణం దొరుకుతుంది. ఉధృతి కనబడినంతనే తోటంతా మందు కొట్టించే సలహా ఈ సమాచారాన్ని, సహజ శత్రువులను ఒకేసారి తుడిచివేస్తుంది. డబ్బాకయ్యే ఖర్చు ఎంతో చెప్పనక్కరలేదు.

ఇక దింపు కార్మికుని విషయం. పురుగు నమోదైన తోటలో దింపుకు ముందే అతనికి హెచ్చరిక అందాలి. కుట్టినచోట రుద్దకుండా అంటుకొనే టేపుతో ముళ్లను లాగి, సబ్బునీటితో కడిగి, చల్లని గుడ్డ వేయాలి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తరలించాలి. రాలిన విడుపు చర్మాలు, ఖాళీ గూళ్లు కూడా దురద పుట్టించగలవని చెట్టుకింద కాయలు ఏరే స్త్రీలకు సైతం తెలియజేయాలి. సర్వే పత్రంలో జాతి, గ్రామం, తేదీ, వెలువడిన బదనికల సంఖ్యతోపాటు ఎంతమందిని కుట్టినదో వ్రాయడానికి మరొక గడి చేర్చితే, తరువాతి దింపు ఏ తోటలో ఆపాలో ఆ పత్రమే చూపుతుంది.